అభ్యంతరం కాదు, రిస్కు

విడాకుల మీద పరిశోధన చేసిన మనిషిని నేను ఒక్కరినే చూశాను, ఖమ్మం కాలేజీలో మా స్టాటిస్టిక్స్ సారు. ఎలాంటి జంటలు విడిపోతాయో కొత్తగా వచ్చిన కంప్యూటరులో లెక్కలు కట్టేవారు. ఏ జంట ఎదురైనా పెన్ను తీసి, క్యాపుతో చెంప గోక్కుంటూ వయసులూ ఊళ్లూ ఉద్యోగాలూ అడిగేవారు. ఆయన్ని చూస్తే కొత్త దంపతులు సందు మారేవాళ్లు.

సారపాక చర్చిలో నా పెళ్లికి భార్యతో వచ్చారు. ఆయనకు చర్చి పెళ్లి అదే మొదలు. "ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి" అని పాస్టరుగారు ఎప్పటిలాగే అడిగారు.

సారు లేచి నిలబడ్డారు. మా అత్తగారి ముఖం పాలిపోయింది.

"అభ్యంతరం కాదండీ, రిస్కు. పిల్ల నౌకరీ ఈడ పేపరు మిల్లుల, పిలగాని నౌకరీ గంత దూరం మధిరల. ఇద్దరికీ కోపం జాస్తి. నా అనాలిసిస్ ప్రకారం గిట్లాంటి జంటలు..."

సారు భార్య ఆయన చొక్కా పట్టి కిందికి లాగారు. "కూసోండ్రి! మీ అసొంటి మనిషితోని నేను ఇన్నేండ్ల సంది ఉంటలేనా? అది ఏ లెక్కల రాసిన్రు?"

చర్చి అంతా నవ్వింది. సారు మాత్రం చెంప గోక్కుంటూ ఆలోచనలో పడ్డారు. మేము ప్రమాణాలు చేస్తుంటే ముందు వరుసలోంచి ఆయన గుసగుస వినిపించింది.

"నిజం చెప్పు, ఎందుకుంటున్నవ్?"

"ఇంటికి నడవండ్రి, చెప్త."