అత్త పట్టిన వాన నీళ్లు

పెళ్లయి ధర్మవరం వచ్చిన కొత్తలో కొళాయిలో వచ్చే ఉప్పు నీళ్లు తలకు పోసుకుంటే షాంపూ నురగే వచ్చేది కాదు. జుట్టు పీచులా బిరుసెక్కి ఊడిపోయేది. ఎవరికీ చెప్పుకోలేక ఒక్కదాన్నే ఏడ్చేదాన్ని.

ఎండాకాలం చివర ఒక సాయంత్రం వాన పడింది. మగ్గం మీదున్న అత్త పని ఆపి, ఇంట్లోని బిందెలన్నీ మిద్దె మీద పెట్టింది. పప్పు వండడానికేమో అనుకున్నాను, ఎందుకంటే కొళాయి నీళ్లలో కందిపప్పు ఒక పట్టాన ఉడకదు.

పొద్దున్నే ఆమె ఆ నీళ్లు కాచి నన్ను పీట మీద కూర్చోబెట్టింది.

"పప్పుకు పెట్టుకోకుండా నాకెందుకత్తా?" అన్నాను.

"పప్పుదేముండాది, ఇంకొంచేపు ఉడుకుతాది. నీ తల చూస్తాంటే నాకే బాధగా ఉండాది" అంటూ సీకాయ రుద్దింది.

మా అమ్మ తర్వాత నా జుట్టు అంత ఓపిగ్గా చిక్కుతీసింది ఆమె ఒక్కతే. ఆ మేలు నేను మరచిపోలేదు.