నా పేజీ తీసేయమన్న జిలానీ గారు

నిన్న మా ఆఫీసుకి బైండు చేయించిన పాత ఫైళ్లు వచ్చాయి. కట్ట తాడు విప్పగానే ఉడికించిన మైదా జిగురు వాసన గుప్పుమంది. పక్క సీటావిడ ముక్కు మూసుకుంది. నేను మాత్రం ఒక ఫైలు తీసుకుని ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాను. ఆ వాసన నాకు అలవాటైంది విశాఖపట్నం పాత ఊళ్లో, ఒక సందులో, రెండు మెట్లు దిగి వెళ్లాల్సిన చిన్న గదిలో. అది జిలానీ గారి బైండింగ్ షాపు. ఆయన పుస్తకాలు కుట్టేవారు. కుట్టడం ఆగిన టైములో, ఇంటర్నెట్‌లో అందరూ కలిసి రాసే తెలుగు విజ్ఞాన సర్వస్వానికి వ్యాసాలు రాసేవారు. మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు. కానీ ఈ చుట్టుపక్కల ఊళ్ల గురించి ఎప్పుడైనా ఫోనులో వెతికి చదివి ఉంటే, ఆయన దిద్దిన వాక్యం ఒకటైనా మీ కళ్ల ముందు నుంచి వెళ్లే ఉంటుంది.

ఆయన దగ్గరికి నేను మొదట వెళ్లింది దొంగగానే. అప్పుడు దువ్వాడలో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. హార్బరులో ఇసుక మేట మీద మా ప్రాజెక్టు. రిపోర్టు నాలుగు కాపీలు, నల్ల అట్ట, పైన బంగారు అక్షరాలు, సాయంత్రానికల్లా కావాలి. రిపోర్టు ఇంగ్లీషే గాని, హార్బరు చరిత్ర చెప్పే మొదటి అధ్యాయాన్ని మాత్రం మేం తెలుగు విజ్ఞాన సర్వస్వం నుంచి ఎత్తి, ఇంగ్లీషులోకి మార్చి పెట్టేశాం. జిలానీ గారు కాగితాలు సరిచూస్తూ ఆ అధ్యాయం దగ్గర ఆగిపోయారు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఇది ఎవరు రాశారని అడిగారు. మేమే అన్నాను. ఆయన కోప్పడలేదు.

"ఈ మూడో పేరా నాను రాసేనమ్మా. అందులో ఒక తప్పు కూడా నాదే. కొండని హార్బరు కాలవకి ఇవతలొడ్డున పెట్టీసేను. పోయిన్నెల సూసుకుని దిద్దేను. మీరు అంతకు ముందే ఎత్తీసినట్టున్నారు."

నేను నమ్మలేదు. ఆయన మూల ఉన్న పాత కంప్యూటరు మీది గుడ్డ తీసి, ఆ పేజీ తెరిచి, పైన 'చరిత్ర' అన్నచోట నొక్కారు. ఎవరు ఏ రోజు ఏ వాక్యం చేర్చారో, ఏది తీసేశారో వరసగా ఉంది. జిల్ద్‌సాజ్ అనే పేరు చాలాచోట్ల కనిపించింది. అది ఆయన అక్కడ పెట్టుకున్న పేరు, ఉర్దూలో బైండింగ్ చేసేవాడని అర్థమట. మెట్లెక్కి సందు చివరికెళితే కనిపించే కొండని, పుట్టినప్పటి నుంచి చూస్తున్న మనిషి, అవతలొడ్డు నుంచి ఇవతలొడ్డుకి మార్చేశాడు. ఆ మనిషిని నమ్మి మేం మా పేర్లతో అచ్చు కొట్టించుకున్నాం. ఆ పేజీ మార్చుకు రాకపోతే కుట్టనన్నారు. సందు చివర జిరాక్స్ షాపులో మార్చి ప్రింటు తీయించుకొచ్చాం. ఈసారి ఆ అధ్యాయం కింద ఎక్కడి నుంచి తీసుకున్నామో కూడా రాయించారు. గైడు ఆ లైను చూసి ఇదేంటని మొహం చిట్లించారు గాని మార్కులేమీ తగ్గలేదు.

సిగ్గు పడినచోటికే మళ్లీ వెళ్లబుద్ధి కావడం నా గుణం. పైగా అప్పటికి ఉద్యోగం రాలేదు, చేతినిండా టైముంది. శుక్రవారం నమాజు అయ్యాక ఆయన షాపు సగం తలుపు వేసి, కొత్తగా రాయడం నేర్చుకునేవాళ్లని కూర్చోబెట్టుకునేవారు. మల్కాపురం నుంచి రిఫైనరీలో పనిచేసే ఒకాయన, రిటైరైన ఒక టీచరమ్మ, నేను. మా ముగ్గురికీ ఒక్కటే కంప్యూటరు. మేం అడిగిన ప్రశ్నలు తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. రాయడానికి ఎవరి పర్మిషన్ తీసుకోవాలి? నా పేరు పైన పడుతుందా? తప్పు రాస్తే కేసు పెడతారా? నేను రాసింది ఎవడో మార్చేశాడు, వాడి ఫోను నంబరు దొరుకుతుందా? ఈ ఆఖరిది నా ప్రశ్నే. జిలానీ గారు దేనికీ నవ్వేవారు కాదు. ప్రతి ప్రశ్ననీ తానే కుట్టుకున్న ఒక తెల్ల కాగితాల పుస్తకంలో రాసి, కింద జవాబు రాసేవారు. రేపు వచ్చేవాళ్లూ ఇదే అడుగుతారు, అప్పుడు పుస్తకం ఇస్తే సరిపోతుందనేవారు. నెట్‌లో దొరికిన ఫొటో పెట్టేయొచ్చా అని రిఫైనరీ ఆయన అడిగితే, రోడ్డు మీద బండికి తాళం వదిలేసి ఉంటే తోలుకుపోతావా అని తిరిగి అడిగారు. ఆయన మళ్లీ ఆ మాటెత్తలేదు.

ఆయన అన్నిటికన్నా ఎక్కువసార్లు అనే మాట ఒకటే, ఎక్కడ రాసుంది అని. నువ్వెలా అనుకుంటున్నావు, నీకేమనిపిస్తోంది అని ఏనాడూ అడగలేదు. ఎక్కడ రాసుంది, ఎవరు అచ్చేశారు, ఏ పేజీలో. నాకు మొదట్లో ఇది బొత్తిగా గుమాస్తా వ్యవహారంలా అనిపించేది. ఇంటి విషయం దగ్గరికి వచ్చేసరికి ఒళ్లు మండింది.

మాది తాటిదిబ్బ. ఫ్యాక్టరీకి భూములు తీసుకున్నప్పుడు పోయిన ఊరు. నేను పుట్టింది ఊళ్లు పోయినవాళ్లకి ఇచ్చిన కాలనీలో, నాకు ఆ ఊరి పొలిమేర కూడా తెలీదు. మా నాన్నకి మాత్రం ఆ ఊరు తప్ప వేరే ఊరు లేదు. ఆ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లోనే పనికి కుదిరినా, సొంత ఊరు అని ఉన్న ప్రతి కాగితం మీదా తాటిదిబ్బ అనే రాసేవాడు. కౌంటర్లో వాళ్లు కంప్యూటర్లో వెతికి, అలాంటి ఊరు లేదు, ఇంకోటి చెప్పండి అనేవారు. నాన్న కాలనీ పేరు చెప్పి వచ్చేసేవాడు. ఇంటికొచ్చాక అన్నం దగ్గర మాట్లాడేవాడు కాదు. ఒకరోజు నేను షాపులో ఏం నేర్చుకుంటున్నానో చెబితే, చెయ్యి కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"అయితే మన ఊరు పేరు అందులో ఎక్కిత్తే, ఎవులు ఎతికినా కనిపిత్తాదా? లేదని అననేరు కదా మరి?"

పది రోజులు నాన్న చెప్పాడు, నేను రాశాను. ఏ వీధిలో ఎవరిల్లు, బావులు ఎన్ని, ఏ మడిలో ఏ రకం వరి వేసేవారు, జాలారిపేట వాళ్లు చేపలు తెచ్చి ఎక్కడ దించేవారు. నాన్న అంత మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. పేజీ పెట్టిన రోజు క్యాంటీన్‌లో అందరికీ ఫోను చూపించాడట. మర్నాడు పొద్దున నేను తెరిచేసరికి పేజీ నెత్తిన ఎర్ర గీతల పెట్టె. ఈ వ్యాసానికి మూలాలు ఏవీ లేవు, వారంలోగా చూపించకపోతే తొలగించాలని ప్రతిపాదన. కింద సంతకం జిల్ద్‌సాజ్.

ఆరోజు శుక్రవారం కూడా కాదు. నేరుగా షాపుకి వెళ్లి, మెట్లు దిగకుండానే గట్టిగా మాట్లాడాను. మా నాన్న అబద్ధాలు చెబుతున్నాడా అని అడిగాను. పక్క షాపువాళ్లు తొంగి చూశారు. జిలానీ గారు చేతిలో సూది అలాగే పట్టుకుని నేను ఆయాసం తీర్చుకునేదాకా ఆగారు.

"మీ నాన్న అబద్ధమాడతాడని నానన్నానా తల్లీ? సదివేవోడికి మీ నాన్న ఎవరో తెలీదు. ఆడు ఎక్కడికెల్లి సరిసూసుకోవాల?"

వేరేవాళ్లు చూసేదాకా ఆగొచ్చు కదా, ఆ పెట్టె మీరే పెట్టాలా అన్నాను. వేరేవాళ్లు పెడితే నువ్వు వాళ్లని తిడతావు, నన్నయితే వచ్చి తిడతావు, తిట్టాక కూర్చుంటావు అన్నారు. నేను కూర్చోలేదు. ఇంటికి వచ్చేశాను. వారం తరవాత పేజీ పోయింది. నాన్న ఫోనులో దాని కోసం మళ్లీ మళ్లీ తెరిచి చూసేవాడు. అది నాకు భరించరాకుండా ఉండేది.

నా కోపం దిగింది మా పెదనాన్న వల్ల. సబ్బవరంలో చుట్టాల పెళ్లికి వెళితే, భోజనాల దగ్గర నాన్న ఆ పేజీ సంగతి ఎత్తాడు. నేను దాచుకున్న కాపీ చదివి వినిపించాను. ఊళ్లో రెండు బావులన్నచోట పెదనాన్న విస్తరి మీది నుంచి తలెత్తి మూడన్నాడు. నాన్న రెండేనన్నాడు. మూడోది తానే దిగి పూడిక తీశానని పెదనాన్న, అది పక్క ఊరి బావి అని నాన్న. ఇద్దరూ అదే ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లు, ఇద్దరికీ కళ్లలో నీళ్లు తిరిగేంత పట్టుదల. తిన్న చేతులు ఎండిపోయినా తేలలేదు. ఆ శుక్రవారం నేను మళ్లీ షాపుకి వెళ్లాను. జిలానీ గారు ఏమీ ఎరగనట్టు పక్కకి జరిగి చోటిచ్చారు.

ఆ తరవాత ఆయన చేతికొచ్చిన ప్రతి పాత పుస్తకంలోనూ తాటిదిబ్బ కోసం వెతకడం మొదలుపెట్టారు. నాకు చెప్పలేదు, టీచరమ్మ చెబితే తెలిసింది. వానాకాలం వెళ్లి చలికాలం వచ్చాక ఒకరోజు ఫోను చేసి రమ్మన్నారు. ఒక లైబ్రరీ వాళ్లు చెదలు కొట్టిన పుస్తకాలు బాగు చేయమని ఇచ్చారట. వాటిలో జిల్లా జనాభా లెక్కలు అచ్చేసిన పాత పుస్తకం ఒకటుంది, అందులో ఊళ్ల పట్టికలో తాటిదిబ్బ ఉందన్నారు. నేను చెయ్యి చాపితే ఆయన పుస్తకం ఇవ్వలేదు.

"ఇది నన్ను నమ్మి ఇచ్చిన సరుకు. కుట్టి ఇచ్చీసేక లైబ్రరీకెల్లి సూడు. అక్కడయితే ఎవరైనా ఎల్లి సూడొచ్చు. పేజీ నంబరు నువ్వే రాసుకో."

మరో మూడు వారాలు ఆగాను. లైబ్రరీలో ఆయన కొత్తగా వేసిన నీలం అట్ట తెరిచి ఆ పేజీకి వెళ్లాను. ఒక్క వరస. ఊరి పేరు, పక్కన విస్తీర్ణం, ఇళ్లు, మనుషులు. దాన్ని పట్టుకుని మూడు వాక్యాలు రాశాను. ఈసారి పేజీ నిలబడింది. నాన్న చదివి, ఇంతేనా అన్నాడు. ఊరి పేరు మీద వేలు పెట్టి ఇంకోసారి చదివి, పోన్లే, ఉందని రాసేరు కదా అన్నాడు. ఆ పూట అన్నం తింటూ క్యాంటీన్ కబుర్లు చెప్పాడు.

ఆ ఇంతేనా మాట జిలానీ గారికి చెప్పాను. బావుల సంగతీ, వరి సంగతీ ఎక్కడికి పోవాలని అడిగాను. వాటికి వేరే చోటుందన్నారు. మా నాన్న చెప్పగా విన్నాను అని, నీ పేరు పెట్టుకుని, నీ మాటగా రాయి. ఎవరైనా వేసుకుంటే అచ్చేయించు. పెదనాన్న మూడంటున్నాడని కూడా రాయి. అంతవరకే నీ పని, అక్కడి నుంచి తెచ్చి పేజీలో పెట్టేది నువ్వు మాత్రం కాదు, నీ ఊరి మీద నీ రాతే కాబట్టి అన్నారు. అలాగే రాశాను. ఒక పత్రిక వేసుకుంది. ఏడాది దాటాక, నేను ఎప్పుడూ చూడని ఎవరో మనిషి ఆ పేజీలో ఒక వాక్యం చేర్చారు. ఊళ్లో బావులు రెండని కొందరు, మూడని కొందరు చెబుతారని, కింద నా వ్యాసం పేరూ సంచిక వివరాలూ. ఫోనులో నాన్నకి వినిపిస్తే, రెండేనని రాయలేకపోయారా అని విసుక్కున్నాడు.

జిలానీ గారు పోయి ఇప్పటికి మూడేళ్లు. షాపులోనే, పని చేస్తూ చేస్తూ పక్కకి ఒరిగిపోయారట. ఆరోజు నేను ఊళ్లో లేను, అది నాకు ఎప్పటికీ బాధే. నలభయ్యో రోజు అయ్యాక ఆయన కొడుకు రఫీ నన్ను పిలిచాడు. మా అబ్బా అందరి గురించీ రాశాడు, ఆయన గురించి ఒక పేజీ ఉండాలక్కా, నువ్వయితే బాగా రాస్తావు అన్నాడు. నేను వెతికాను, నిజంగానే వెతికాను. ఆయన మీద ఏ పేపర్లోనూ నాలుగు లైన్లు రాలేదు. ఏ పుస్తకంలోనూ పేరు లేదు. ఆయన కుట్టిన పుస్తకాలు వందలుంటాయి, వాటిలో ఒక్కదానిలోనూ కుట్టినవాడి పేరు అచ్చెయ్యరు. రఫీకి కుదరదని చెప్పాల్సి వచ్చింది. వాడు నా మొహం చూసి, మా అబ్బా ఎవరో నీకు తెలీదా అక్కా అన్నాడు. నాకు తెలుసురా, చదివేవాడికి తెలీదు అన్నాను. ఆ మాట అన్నాక ఇద్దరం ఏడ్చాం. వాడు చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు ఈ వ్యాసాన్ని ఒక పుస్తకంలో వేస్తామన్నారు. అచ్చయితే ఏదో ఒక లైబ్రరీకి వెళుతుంది, అక్కడ దీనికో పేజీ నంబరు ఉంటుంది. ఎవరైనా వెళ్లి చూడొచ్చు. ఇందులోంచి ఏదైనా తీసుకెళ్లి విజ్ఞాన సర్వస్వంలో పెట్టాలా వద్దా అన్నది వాళ్లిష్టం. నేను పెట్టను, ఆయన నా మనిషి. అందుకే రాసింది రెండుసార్లు చదువుకుని, ఆయన గురించి నేను చూడనివీ, విని ఊహించుకున్నవీ అన్నీ కొట్టేశాను. అలా ఒరిగిపోయారన్న మాట మాత్రం ఉంచాను. అది రఫీ చెప్పాడు.