వెల్డా దుకాణంలో సాసేజి సంతకం

అమెరికాలోని ఆర్కన్సా కొండల్లో తుపాకులమ్మే వెల్డా హాచర్‌కి ఎంతటి కోడిగీతల రాతైనా కొట్టిన పిండి. ముప్పై ఏళ్ళుగా తుపాకీ కొనేవాళ్ళంతా ఆమె ఎదురుగా నిలబడే సర్కారు ఫారాలు నింపారు. కౌంటీ, అంటే జిల్లా, పేరు రాయమన్నచోట కంట్రీ అని చదువుకుని 'అమెరికా' అని రాసేవాళ్ళు సగంమంది. "ఇది ఏ దేశమో నాకు తెలుసులే నాయనా, నీ కౌంటీ ఏదో చెప్పి చావు" అని వాళ్ళచేతే కొట్టేయించి దిద్దించేది.

నిండిన ఫారాలు పారెయ్యకూడదని చట్టం. అటక మీద పెట్టెలకు పెట్టెలు పేరుకుపోయి, ఒక రోజు అటక ఫెళ్ళున విరిగి చేపల గాలాలు పెట్టిన అర మీద కూలింది.

ఆ దెబ్బతో మేనకోడలు షెల్బీ వేలితో తాకే తెర ఉన్న ఒక టాబ్లెట్ తెచ్చిపెట్టింది.

"ఇకమీదట ఫారం దీన్లోనే అత్తా. ఒక్క గడి తప్పు నింపినా ముందుకు పోనివ్వదు."

"మరి నేనెందుకే ఇక్కడ?"

"తుపాకులు అమ్మడానికి."

వెల్డా మూతి ముడుచుకుంది.

మొదటి బేరం ఆర్లిస్ ప్రూయిట్‌ది. టర్కీ కోళ్ళ వేటకి షాట్‌గన్ కావాలన్నాడు. జీవితమంతా రంపపు మిల్లులో పనిచేసిన మనిషి. ఒక్కో వేలూ మొక్కజొన్న పొత్తంత లావు, చివర్లు కాయలు కాసి చెక్కలాగా ఉంటాయి. అతను ఎంత గట్టిగా నొక్కినా టాబ్లెట్ ఉలకలేదు, పలకలేదు.

"నువ్వే నొక్కిపెట్టు వెల్డా."

"కుదరదు. కొనేవాడే నింపాలి. నేను వేలు పెడితే నా లైసెన్సు ఊడుద్ది."

"నా వేలు దీనికి ఆనదు, నీ వేలు పెడితే నేరం. మరి ఎవరి వేలు తేవాలే?"

వెల్డా ముందు, ఆమె మధ్యాహ్నానికి తింటున్న సాసేజిల డబ్బా తెరిచి ఉంది, వేలంత పొడుగు తడితడి మాంసం ముక్కలు. ఆర్లిస్ అందులోంచి ఒకటి తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, దాంతో తెర మీద పొడిచాడు. టక్కున అతని పేరులో మొదటి అక్షరం పడింది.

"హారి నీ! నా వేలికంటే ఇదే నయం!"

పేరు, ఊరు, పుట్టిన తేదీ అన్నీ సాసేజితోనే నింపాడు. తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. 'మీరు పరారీలో ఉన్న నేరస్తులా?' అని అడిగింది తెర. ఆర్లిస్ 'కాదు' మీద పొడవబోతుండగా, వెల్డా పెంపుడు కుక్క మఫిన్ వాసన పట్టి వచ్చి బల్ల మీద ముంగాళ్ళు ఆనించింది. సాసేజిని ఒక్క గుటకలో మింగి, తెరని కిందనుంచి పైదాకా శుభ్రంగా నాకేసింది. దాని నాలుక ఎక్కడెక్కడ తగిలిందో గాని నేరస్తుడికీ అవును, మత్తుమందులకీ అవును. తెర ఎర్రబడి అమ్మకం ఆపమంది.

"చర్చిలో కానుకల పళ్ళెం పట్టేవాణ్ణి నేను! ఒక్క నాకుడుతో గంజాయి దొంగని చేసిపెట్టింది కదే నీ కుక్క!"

"నీ వాలకం చూసి అదెప్పుడో పసిగట్టింది."

పొద్దున్నుంచీ ముడుచుకున్న వెల్డా మూతి అప్పుడు విడింది. నవ్వి నవ్వి కడుపు పట్టుకుని స్టూలు మీద కూలబడింది. మఫిన్‌ని వెనకగదిలో పెట్టి తలుపేసి, ఆర్లిస్ చేతికి ఇంకో సాసేజి ఇచ్చి, ఫారం మొదటినుంచీ మళ్ళీ నింపించింది. చివర్లో అతను చేసిన సంతకం చూసి ఆశ్చర్యపోయింది. ఇన్నేళ్ళలో ఆర్లిస్ పేరు అంత పొందిగ్గా ఏ కాగితం మీదా చూడలేదామె. పై అధికారుల నుంచి అనుమతి రాగానే అతను తుపాకీ తీసుకుని, సాసేజి నోట్లో వేసుకుని వెళ్ళిపోయాడు.

తెర మీద రాయడానికని మర్నాడు షెల్బీ రబ్బరు మొన ఉన్న పెన్ను తెచ్చింది. కానీ సాసేజి కబురు అప్పటికే ఊళ్ళో కాఫీ కొట్టు దాటి పాకింది.

"పెన్నేంటి? సాసేజి లేదా?" అన్నాడు లోపలికి వచ్చిన మొదటివాడు.

వెల్డా నిట్టూర్చి కొత్త డబ్బా మూత లాగింది. "ఉంది గాని, సంతకం అయ్యాక తినెయ్యాలి. మళ్ళీ డబ్బాలో పెట్టావో, చంపుతా."