సున్నాకు దిగని గీత

రెండేళ్ల కిందటి దసరా. వరంగల్‌లో ఒక కాలేజీ, ఫిజిక్స్ ల్యాబ్. అక్కడ అటెండర్‌గా ఉన్న నా భర్త పోయాక ఆ పని నాకిచ్చారు. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే వేరేవాళ్లు రాస్తున్నారు.

నస్రీన్ అనే అమ్మాయి అక్కడ పీహెచ్‌డీ చేసేది. నిలువెత్తు స్టీలు డబ్బాలో లిక్విడ్ హీలియం పోసి, ఊహకందని చలిలో, కంటికి కనబడని రెండు క్వాంటమ్ డాట్‌ల గుండా కరెంటు పంపేది. డాట్ అంటే ఎలక్ట్రాన్‌కు ఇరుకు గది అట.

"రెండో గదిల ముందే ఒకటుంటది పెద్దమ్మా. అదెటు తిరుగుతదో అటే తిరిగే ఎలక్ట్రాన్ ఇంకోటొస్తే లోపలికి పోలేదు, గడపలనే ఆగుతది. మాగ్నెట్ బలం పెంచితే అసలే కదలది. అప్పుడు కరెంటు సున్నా కావాలె."

కావడం లేదు. రెండు రోజులుగా కంప్యూటర్‌లో గీత సున్నాకు పైనే నిలబడింది. సాయంత్రానికి హీలియం అయిపోతుంది, మళ్లీ దొరకాలంటే నెలలు. నాలుగేళ్ల చదువు ఆ గీత మీదే ఉంది.

"ఎక్కడనో కరెంటు కారుతాంది," అంటూ కేబుళ్లన్నీ విప్పి బిగించింది. అన్నం ముట్టలేదు.

కారుతోంది అనగానే నాకు రెండు రోజుల కిందటి ఆయుధపూజ గుర్తొచ్చింది. ఏటా ఆ పూజకు మిషన్లకు బొట్టు పెట్టేది నా భర్త. ఆ ఏడు నేను పెట్టాను. మొగుడు లేనిదాని చేతి బొట్టేమిటని ఎవరైనా అంటారేమోనని, బయట కనబడకుండా, తీగలు కలిసే పెట్టె మూత తీసి లోపల పెట్టి మూసేశాను. చెబితే పని పోవచ్చు. చెప్పకపోతే ఆ పిల్ల కష్టం పోతుంది.

"బిడ్డా, గా పెట్టెల తడి కుంకుమ పెట్టిన."

మూత తీసింది. రెండు టెర్మినళ్ల నడుమ ఎర్రగా ఉంది.

"యా అల్లా! రెండు దినాల సంది కేబుల్ అమ్మినోన్ని తిడుతున్న, ఉత్తపుణ్యానికి!"

స్పిరిట్‌తో తుడిచి, ఆరబెట్టి, మాగ్నెట్ పెంచింది. గీత మెల్లగా దిగి సున్నా మీద కూర్చుంది.

"ఇప్పుడేమైతాంది బిడ్డా?"

"ఆగింది పెద్దమ్మా. గడపల ఒక్కటి ఆగింది."

నాకు తెలియకుండానే కొంగు తల మీదికి లాక్కున్నాను. మాగ్నెట్ తగ్గించింది. గీత కొద్దిగా లేచింది. ఆ ఒక్కటీ కదిలిందన్నమాట. మళ్లీ పెంచమన్నాను. మళ్లీ ఆగింది. ఇంత లోకంలో ఒక్క ఎలక్ట్రాన్ నిలబడితే ఆ డబ్బాకు తెలుస్తుంది! నా చేతి బొట్టు తెలియకుండా ఉంటుందా?

చేత్తో చేసింది నోటితో చెప్పాలని ఆ రోజు నేర్చుకున్నాను. ఇప్పుడు దసరాకు ల్యాబ్ తలుపుకు బొట్టు పెడుతున్నాను, అందరూ చూస్తుండగానే.