సానకు పోయిన సింహం

యావన్మందికి తెలియజేయడమేమనగా, సీతాఫల్‌మండిలో మా గల్లీ నల్లాకు మళ్ళీ నీళ్ళొస్తున్నాయి. గల్లీ గల్లీ అంతా బిందెలతో వచ్చి సంబరపడింది. అదే పొద్దున ముద్రల మామ పోయాడు. బిందె దించి ఆ ఇంటివైపు నడిచినవాళ్ళు తక్కువ. అందుకే బడి మధ్యలో మానేసిన నేను ఇది రాయాల్సి వస్తోంది.

మామ మా పక్కింటివాడు. ఉంగరపు రాళ్ళ మీద పేర్లు చెక్కేవాడు. సంతకానికి బదులు పెద్దమనుషులు వాటినే కాగితం మీద ఒత్తేవారు. లక్కతో కర్రకు అతికించిన రాయి, చిన్న విల్లుతో తిరిగే ఇనుప సూది, నూనెలో కలిపిన వజ్రప్పొడి, అంతే సామాను. నూనె కింద ఏమీ కనబడదు. తుడిచి, మైనంలో ఒత్తి చూసుకుని, మళ్ళీ చెక్కాలి. నేను పక్కన కూర్చుని "ఇంకెంతసేపు మామా?" అని సతాయిస్తే, "రాయిని తొందర పెట్టకురా, అది నీకన్న పెద్దది" అనేవాడు.

ఆయన దగ్గర ఒక ఎర్రటి అకీకు రాయి ఉండేది. మెదక్ దిక్కు పాత దిబ్బల్లో వానకు బయటపడితే వాళ్ళ తాతకు దొరికింది. దాని మీద కందిగింజంత సింహం. ఏ రాజుల కాలందో. ఉత్త కంటికి గీతల్లా ఉండేది. మైనంలో ఒత్తితే జూలు, నాలుక, ఎత్తిన తోక లేచొచ్చేవి. "చెక్కినోని పేరు తెల్వది. గని నా ఉస్తాద్ వాడే" అనేవాడు మామ. ఒకసారి అత్త తడిపిన రొట్టెల పిండి మీద నేను ఆ సింహాన్ని వరసగా ఒత్తి పెట్టాను. అత్త అప్పడాల కర్ర పట్టుకుని లేచింది. మామ మాత్రం నవ్వి "సింహాలను తింటున్నం, జెర నెమ్మదిగ నమలుండ్రి" అన్నాడు.

పోలీస్ యాక్షన్ రోజుల్లో మామ కుటుంబంతో యాప్రాల్‌లో చుట్టాలింటికి పోయాడు. దారిలో సోదా చేస్తారన్న భయంతో ఆ రాయిని ఎదురుగా ఉన్న కట్టెల అడితి సేట్ చేతిలో దాచమని పెట్టాడు. తిరిగొచ్చాక అడిగితే రేపన్నాడు, మాపన్నాడు. నెలల తర్వాత ఒకనాడు తనే తెచ్చాడు. నేను అక్కడే ఉన్నాను.

"ఇగో, నీ రాయి. అన్ని గుంతలు, గీతలుండె. నా ఉంగరంల మంచిగ కనవడలేదని సాన పట్టిచ్చిన. ఇప్పుడు సన్నగై ఉంగరంల నిలుస్తలేదు. తీస్కో."

మామ రాయిని వెలుగుకు పట్టి చూశాడు. అద్దంలా ఉంది.

"ఎంతసేపు పట్టింది సేట్?"

"దేనికి?"

"సానకు."

"ఎంతసేపేంది? నేను ఛాయ్ తాగేటంతల అయిపాయె."

మామ రాయిని పక్కన పెట్టి విల్లు అందుకున్నాడు. నేనే ఊరుకోలేక గల్లీలో అందరికీ చెప్పాను. "మనుషుల పానాలే పోయినయ్. రాయి కోసం ఏడుపేందిరా?" అన్నారు. పోయాయి. నాకు తెలియదా? కానీ ఈ పని ఫౌజు చేయలేదు, రజాకార్లు చేయలేదు. మంచి కుర్చీలో కూర్చుని, ఎవరి భయమూ లేకుండా, పరాయివాడి ఉస్తాద్‌ను అరగదీయించాడు ఒక పెద్దమనిషి. దాన్ని కూడా ఆ రోజుల ఖాతాలో వేసి చేతులు దులుపుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మామ పోయిన రోజు జనాజా దగ్గరకు సేట్ వచ్చాడు. "మంచి పనోడు, పాపం" అన్నాడు. నేను అందరి ముందు ఆయన అరచేయి తిప్పి, "ఏంది సేట్, నీ చేతినిండ గిన్ని గీతలు? సాన పట్టిద్దామా?" అన్నాను. సేట్ చెయ్యి లాక్కుని, చెప్పులు కూడా మరిచి పోయాడు.

ఇది అబద్ధం. సేట్ అసలు రానే లేదు. ఆ మాట నాకు మూడో నాడు స్నానం చేస్తుంటే తట్టింది. రొట్టెల మీద ఒత్తింది కూడా ఒక్క సింహమే, వరస కాదు. మామ నవ్వినమాట నిజం. ఛాయ్ తాగేటంతలో అన్నది మాత్రం సేట్ మాటే, అలాంటిది కల్పించడం నా వల్ల కాదు. ఆ తర్వాత పని లేని మధ్యాహ్నాలు మామ ఆ నున్నటి రాయిని మైనంలో ఒత్తి, పడిన గుంటను వేలికొసతో తడుముతూ కూర్చున్నదీ నిజమే. తోక ఉండాల్సిన చోట ఆ వేలు కాసేపు ఆగేది.