బాబా తుపాకీకి నవారు బెల్టు

నావి వాలు భుజాలు. చిన్నప్పుడు పైట నిలిచేది కాదు, బడి సంచీ నిలిచేది కాదు. "దీని భుజం మీద కాకి వాలినా జారి పడతాది" అని మా అక్కలు ఏడిపించేవాళ్లు. ఈ భుజాలతో ఎవరికైనా పని పడుతుందని నేను కలలో కూడా అనుకోలేదు. కువైట్‌లో పడింది.

నేను పనిచేసిన ఇల్లు ఫింతాస్‌లో ఉండేది. ఇంటావిడను మామా అనీ, ఆమె భర్తను బాబా అనీ పిలిచేదాన్ని. అక్కడ పనిమనుషులందరికీ అదే వరస. మా కడప పక్క మామ అంటే అమ్మ తమ్ముడు కదా, మొదటి నెలంతా పిలిచినప్పుడల్లా నాకు నవ్వొచ్చేది. వాళ్లకు పిల్లలు లేరు. బాబాకు అరవై దాటాయి. ఆయనే నా కఫీల్, అంటే నా వీసా ఆయన పేరు మీదే, నా పాస్‌పోర్టు ఆయన బీరువాలోనే. చలికాలం వస్తే ఎడారికి వేటకు పోయేవాడు. మిగిలిన ఏడాదంతా ఆ వేట కబుర్లే చెప్పేవాడు.

ఆయన బాధంతా తుపాకీ బెల్టుతోనే. ఆయనవీ నాలాగే వాలు భుజాలు. నాలుగడుగులు వేస్తే బెల్టు జారి మోచేతి మీదికొచ్చేది. దాన్ని సర్దుకునేలోగా పక్షి ఎగిరిపోయేది. ఆ కోపం ఇంటికొచ్చి అన్నంలో ఉప్పు ఎక్కువైందని నా మీద చూపించేవాడు.

ఆ వేసవిలో ఒకేసారి మూడు కొత్త బెల్టులు తెచ్చాడు. నన్ను వంటింట్లోంచి పిలిచి, "నీ భుజాలూ నా భుజాలూ ఒకటే. వేసుకుని నడువు, చూస్తాను" అన్నాడు. తన వేట కోటు తొడిగించాడు, తూటాలు తీసేసిన తుపాకీని నా భుజానికి తగిలించాడు, హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు నడిపించాడు. పొయ్యి మీద చారు పొంగుతోంది, బట్టలు ఆరేయలేదు, నేనేమో ఆ ఎండాకాలంలో ఉన్ని కోటు వేసుకుని కవాతు చేస్తున్నాను. మామా సోఫాలో కూర్చుని కళ్ల నీళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

మొదటిది నైలాన్ బెల్టు. చూడటానికి నాజూకుగా ఉంది కానీ అడుగు వేయగానే జర్రున దిగిపోయింది. రెండోది తోలుది. రెండు వేళ్ల వెడల్పే, బరువంతా ఒక్కచోటే పడి అంచులు భుజాన్ని కోశాయి. కొత్త తోలు బిరుసు కదా, వంగదు, భుజం మీద కూర్చోదు. మూడోదానికి లోపల రబ్బరు పూత ఉంది. అది జారలేదు, నిజమే. కానీ కోటును కూడా పట్టుకుని లాక్కుపోయింది. పదిసార్లు తిరిగేసరికి కోటు మెడ నా చెవి కిందికి వచ్చింది.

"ఏది బాగుంది?" అని అడిగాడు బాబా.

"మూడూ దండగే బాబా. మా నవారు ముందర ఇవేం పనికొస్తాయి?" అన్నాను. నా నోరు అలాంటిది, ఊరుకోదు.

నవారంటే మంచాలకు అల్లే నూలు పట్టీ. ఊరి నుంచి వచ్చేటప్పుడు మా ఆయన నా రేకు పెట్టెకు అదే చుట్టి కట్టాడు. అది తెచ్చి చూపించాను. నాలుగు వేళ్ల వెడల్పు, మందం, మెత్తదనం. బాబా పట్టుకుని చూసి, "అయితే కుట్టు" అన్నాడు. ఇక తప్పదు. నవారును రెండు మడతలు వేశాను. భుజానికి తగిలే వైపు నా కంబళిలోంచి ఒక ముక్క కత్తిరించి వేశాను. కంబళి గరుకు బట్టను పట్టుకుంటుంది, అలాగని ఒరిపిడి పెట్టదు. మామా మిషను మీద నేను కుడుతుంటే రెండు సూదులు విరిగాయి. మామా తిట్టింది, నేను విననట్టు మూడో సూది ఎక్కించాను.

కొనలకు ఇత్తడి కొక్కేలు వేయించే పని ఇంటి డ్రైవరుకు అప్పగించాం. ఆయనది కోనసీమ. భార్యతో అబూ హలీఫాలో ఉండేవాడు, పగలంతా మా ఇంట్లో పని. సబ్హాన్‌లో బాబా గోదాముకు తీసుకుపోయి కొక్కేలు బిగించి తెచ్చాడు. ఇస్తూ, "ఆయ్, కడపోళ్ల చేతికి తుపాకీ ఇచ్చాడంటే బాబాది మామూలు గుండె కాదండీ" అన్నాడు.

"నోరు మూసుకో అన్నా. తూటాల్లేవు, ఉండింటే మొదట నిన్నే కాలుస్తాంటి" అన్నాను.

ఆ బెల్టుతో నేను నడిచాను, వంగాను, మెట్లెక్కి దిగాను, చీపురు పట్టి హాలంతా ఊడ్చాను. తుపాకీ కదల్లేదు. బాబా తన భుజానికి వేసుకుని చూసి "వల్లా!" అన్నాడు. ఆ రోజు అన్నం కూడా దాన్ని తగిలించుకునే తిన్నాడు. నిజం చెబుతున్నా, నాకు ఎంత గర్వమో! రెండేళ్లలో నా చేతి పనిని ఆ ఇంట్లో ఒకరు మెచ్చుకున్నది అదే మొదలు.

పది రోజులు తిరక్కుండానే ఇరాక్ సైన్యం వచ్చిపడింది. పొద్దున్నే రోడ్డు మీద ట్యాంకుల చప్పుడు. కిటికీ అద్దాలు గలగలమంటున్నాయి. రెండో రోజు సైనికులు మా కారు తీసుకుపోయారు. ఇంట్లో తుపాకీ దొరికితే మనిషిని కాల్చి ఇల్లు తగలబెడతారని వీధి వీధీ చెప్పుకుంది. బాబా ముఖం తెల్లబోయింది. మిట్టమధ్యాహ్నం, ఎండకు వీధిలో కుక్క కూడా తిరగని వేళ, పెరట్లో కోళ్ల గూడు జరిపించి గొయ్యి తవ్వాడు. నేనూ మామా మట్టి ఎత్తిపోశాం. ఇనప పెట్టెలో తుపాకీ, మామా బంగారం, ఇంటి కాగితాలు, వాటి మీద నా పాస్‌పోర్టు. బెల్టుతో పెట్టె మూత పడలేదు. బాబా దాన్ని పీకి పక్కన పారేశాడు. మట్టి కప్పి గూడు మళ్లీ పైన పెట్టేశాం.

నా పాస్‌పోర్టు గోతిలోకి పోతుంటే కళ్లారా చూశాను. నాకెందుకు ఇవ్వకూడదు అని అడగాలని తోచలేదు. నా బుద్ధి గడ్డి తినింది, అంతకంటే ఏం చెప్పను?

ఆ వారంలోనే సైనికులు మా వెనక బడిలో దిగారు. బడి మిద్దె మీద ఎప్పుడూ ఇద్దరు నిలబడి ఉండేవాళ్లు. అక్కడి నుంచి మా పెరడూ, గూడూ, నేను ఏరే గుడ్లూ అన్నీ కనిపించేవి. ఇక గూడు జరిపే మాటే లేదు.

అప్పుడొచ్చాడు డ్రైవరు, అబూ హలీఫా నుంచి నడుచుకుంటూ. "అమ్మాయ్, మనోళ్లని పంపించేత్తన్నారండీ. బస్సులో బాగ్దాదు, అక్కడి నించి జోర్డాను, అక్కడ ఇమానం. పాస్‌పోర్టు ఉన్నోళ్లకి పని తొందరగా అయిపోద్ది. లేనోళ్లు సరిహద్దు కాడ గుడారాల్లో పడుంటన్నారంట. నీది నీ దగ్గరుందా?"

"ఉంది" అన్నాను. ఎక్కడుందో చెప్పలేక అబద్ధమాడాను.

ఆ రోజు నుంచి నా కాలు ఒకచోట నిలవలేదు. పొద్దున పెట్టె సర్దుతాను, సాయంత్రానికి విప్పుతాను. గూడు దగ్గర గింజలు చల్లేటప్పుడు నా కాళ్ల కిందే, మూరెడు లోతులో, నా పాస్‌పోర్టు ఉందని తెలిసి ఒళ్లు మండిపోయేది. రోజూ బాబాను అడిగేదాన్ని. "బుక్రా, బుక్రా" అనేవాడు. రేపట. ఎన్ని రేపులు? ఒకరోజు అరిచేశాను: "నీ తుపాకీ నీకుండనీ, నా పాస్‌పోర్టు నాకియ్యి బాబా! నేనేం పాపం చేసినా? నన్ను మా ఊరికి పోనీ!" ఆయన బడి మిద్దె వైపు చూశాడు. ఆయనకు భయమని నాకు తెలుసు. తెలిసినా నా కోపం తగ్గలేదు.

అలాంటి రోజుల్లోనే ఒకసారి గుడ్లు ఏరుతుంటే గూడు వెనక ఆ బెల్టు కనిపించింది. కోడి రెట్టలతో, మన్నుతో పాడైపోయి ఉంది. నేను చేసిందేమిటి? ఉతికాను. సబ్బు పెట్టి, బ్రష్షుతో రుద్ది, బాబా తెల్ల బట్టల పక్కనే మిద్దె మీద తీగకు ఆరేశాను. మురికి కనబడితే ఉతకడం తప్ప ఇంకేమీ తోచదు నాకు. అది దేని బెల్టో నా తలకే ఎక్కలేదు.

మర్నాడు పొద్దున సోదాకు వచ్చారు. నలుగురు సైనికులు, ఒక ఆఫీసరు. బీరువాలు తీశారు, పరుపులు చీల్చారు. ఒకడు మిద్దెక్కి, దిగేటప్పుడు చేతిలో ఆ బెల్టు పట్టుకొచ్చాడు. ఆఫీసరు ఇత్తడి కొక్కేలు చూశాడు. తలెత్తి బాబాను చూశాడు.

"తుపాకీ ఎక్కడ?"

బాబా నోరు తెరిచేలోపే చెంప పగలగొట్టాడు. మామా గోడకు ఆనుకుని కూలబడింది. బాబా పెదవి చిట్లి రక్తం తెల్లచొక్కా మీద పడింది. ఆ క్షణంలో నాకు పాస్‌పోర్టు గుర్తులేదు, ఊరు గుర్తులేదు. నేను ఉతికి ఆరేసిన దానికి ఆయన చస్తున్నాడు, అదొక్కటే.

"అది నాది! నా పెట్టె బెల్టు!" అని అరిచాను. వచ్చీరాని అరబ్బీలోనే గుక్క తిప్పుకోకుండా చెప్పాను. "మా దేశంలో మంచానికి అల్లేది ఇది. పెట్టె మోసేదానికి నేనే కుట్టుకున్నా. ఊరికి పోతాండా నేను!"

లోపలికి పరుగెత్తి రేకు పెట్టె ఈడ్చుకొచ్చాను. పెట్టెకు రెండు పక్కలా ఉన్న కడ్డీలకు రెండు కొక్కేలూ తగిలించాను. దేవుడి దయ, పట్టాయి. భుజానికి ఎత్తుకుని నిలబడ్డాను.

"నడువు" అన్నాడు ఆఫీసరు.

హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచాను. పెట్టె తొడకు కొట్టుకుంటోంది. బెల్టు ఒక్క వేలెడు కూడా జారలేదు.

"ప్రయాణం ఎప్పుడు?"

"ఈ పొద్దే" అన్నాను. అలా వచ్చేసింది నోట్లోంచి.

"అయితే ఇంకా ఇక్కడేం చేస్తున్నావు? యల్లా!" అని వాకిలి వైపు చెయ్యి చూపించాడు.

అప్పుడు అర్థమైంది, ఏం చేసుకున్నానో. ఇన్నాళ్లు దేనికోసం పోరాడానో అది గోతిలో ఉంది, నేను గడప దాటుతున్నాను. అడిగితే బాబా చస్తాడు. బాబా నా వైపు చూశాడు. ఆయనకూ అదే గుర్తొచ్చిందని ఆ చూపులో తెలిసింది. మామా లేచి నిలబడబోయింది కానీ సైనికుడు కదలనివ్వలేదు. "పోయొస్తా మామా" అని తెలుగులోనే అని బయటపడ్డాను.

అబూ హలీఫా దాకా ఆ ఎండలో నడిచాను. డ్రైవరు వాళ్లది మూడో అంతస్తు. పెట్టె దించగానే ఆయన భార్య మంచినీళ్లిచ్చింది. బస్సు మర్నాడు పొద్దున్నే అని చెప్పారు. "పాస్‌పోర్టేదీ?" అని అడిగాడాయన. "పోగొట్టుకున్నా" అన్నాను.

"ఏంటండీ బాబూ, ఉందన్నావు కదా! ప్రాణంలా చూసుకోవాల్సింది పోగొట్టుకుంటారా ఎవరైనా? గుడారాల్లో ఎన్నాళ్లుంటావో ఏంటో!" అని చీవాట్లు పెట్టాడు. తలొంచుకుని పడ్డాను. గోతి మాట సొంత మనుషులకైనా చెప్పే రోజులు కావవి.

మర్నాడు పొద్దున పెట్టె పట్టుకుని మెట్లు దిగబోతుంటే, మామా ఎక్కివస్తోంది. ఒక్కతే, నల్ల అబాయాలో, ఆయాసంతో, చేతిలో ఖుబ్జ్ రొట్టెల సంచీ. ఆ ఇంట్లో రెండేళ్లలో ఆమె పది అడుగులు నడిచి ఎక్కడికైనా పోవడం నేను చూడలేదు. రొట్టెల మధ్యలోంచి నా పాస్‌పోర్టు తీసి చేతిలో పెట్టింది. అట్ట మీద ఇంకా మన్ను ఉంది.

"ఎట్ల తీసినారు మామా?"

"బాబా తీశాడు. నీది నీకు ఎప్పుడో ఇవ్వాల్సింది."

నాకు ఏడుపొచ్చింది. ఆమె చేతులు పట్టుకుని కళ్లకు అద్దుకున్నాను. "బాబా ఎట్లుండాడు? పెదవి వాచిందా?"

"పడుకున్నాడు" అంది.

"లేసినాక నా సలాం చెప్పు" అన్నాను. కింద బస్సు హారన్ కొడుతోంది. ఆమె ఇంకా ఏదో చెప్పేదానిలా అక్కడే నిలబడింది. "బస్సు పోతాది మామా, నువ్వూ తొందరగా ఇల్లు చేరు, రోడ్లు మంచివి కావు" అంటూ ఆమెను మెట్ల పక్కకు జరిపి, పెట్టెతో దిగిపోయాను. సరిహద్దులో నా పని అందరికంటే ముందు అయింది. ఊరు చేరాను.

యుద్ధం అయ్యాక డ్రైవరు మళ్లీ కువైట్ పోయాడు. అక్కడి నుంచి జాబు రాశాడు. మామాను కలిశాడట, ఆమె వాళ్ల అన్న ఇంట్లో ఉందట. బాబాను ఇరాక్ వాళ్లు పట్టుకుపోయారట, ఇప్పటికీ ఆచూకీ లేదట. నేను ఇల్లు విడిచిన రోజే, పొద్దు గూకక ముందే, బాబా గూడు జరిపి తవ్వాడట. పాస్‌పోర్టు తీసి మామా చేతికిచ్చి, గొయ్యి పూడుస్తుండగా బడి మిద్దె మీదివాళ్లు చూసి దిగివచ్చారట.

జాబు పట్టుకుని ఆ రోజులు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. మళ్లీ మళ్లీ లెక్కపెట్టాను. ఆమె ఆ మెట్లెక్కి నా దగ్గరికి వచ్చింది ఆ మర్నాడు పొద్దున. అప్పటికి ఆయన ఇంట్లో లేడు. ఎవరి కోసం తవ్వి దొరికిపోయాడో ఆ మనిషి ముందర నిలబడి, ఒక్క మాట అనకుండా, పడుకున్నాడని చెప్పింది. నేనేమో బస్సు పోతుందని ఆమెను పక్కకు జరిపి దిగిపోయాను. కాసేపు కూర్చోమని కూడా అనలేదు.