నాన్న బట్ట కోసిన పలక

ఆదికేశవన్ కట్టిన విమానాలన్నీ ఎడమవైపుకే తిరిగి కూలేవి. 1974లో మొదటిది అలాగే కూలింది. ఐదేళ్ళ తర్వాత పదకొండోదీ అలాగే కూలింది. అవి ఇంజను లేని బొమ్మ విమానాలు. మద్రాసు నుంచి తెప్పించిన తేలికపాటి బాల్సా పుల్లలతో కట్టి, పైన పల్చటి కాగితం అంటించేవాడు. ఆదివారం పూట కాలాపేట బస్సెక్కి, సముద్రం పక్క మైదానంలో దారం కట్టి పైకి లాగి వదిలేవాడు. లేవడం చక్కగానే లేచేవి. దారం వీడగానే ఎడమ రెక్క వాల్చి, సుడి తిరుగుతూ ఇసుకలో ముక్కు పొడుచుకునేవి.

మొదట గాలిని అనుమానించాడు. తర్వాత తన చేతిని. ఆ రెండో అనుమానం పాతదే. వాళ్ళ నాన్న వెంకటేశన్‌కు బజారులో బట్టల కొట్టుండేది. పదిహేనేళ్ళప్పుడు ఆదికేశవన్ చేతికి కత్తెరిస్తే, గజం గుడ్డలో కోత అంగుళం పక్కకు పోయింది. వీడి చెయ్యి వంకరని బేరానికి వచ్చినవాళ్ళ ముందే నాన్న నవ్వాడు. మళ్ళీ కత్తెర ఇవ్వలేదు. ఆయన పోయాక కొట్టు మూతపడింది. ఆదికేశవన్ కరెంటాఫీసులో గుమాస్తా అయ్యాడు. కొట్టు నుంచి ఇంటికి చేరింది ఒక్కటే, నాన్న బట్ట కోసిన టేకు పలక. దానంత చదునైనది ఇంట్లో ఇంకోటి లేదని అందరి నమ్మకం. దాని మీదే మెత్తటి అట్టబోర్డు పరిచి, ప్లాను కాగితం పెట్టి, పుల్లల్ని గుండుసూదులతో నిలిపి రెక్కలు కట్టేవాడు.

పదకొండోది కూలిన రోజు, మిగిలిన పుల్లలన్నీ కట్టగట్టి పక్కింటి మునుస్వామి మామకు ఇచ్చెయ్యబోయాడు. మామ నూలు మిల్లులో ముప్పయ్యేళ్ళు ఫిట్టరు. ఎందుకిస్తున్నావని అడిగితే చేతి సంగతి చెప్పాడు. మామ పుల్లల్ని ముట్టుకోలేదు. విరిగిన రెక్కను కంటికి ఎదురుగా పట్టి చూశాడు.

"దీన్ని యాడ పెట్టి కట్టినావు?"

పలక చూపించాడు. మామ ఇంటికెళ్ళి రెండు తిన్నని ఇనప పట్టీలు తెచ్చి, పలకకు ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి అడ్డంగా నిలబెట్టాడు. ఒంటికంటితో చూడమన్నాడు. రెండు పట్టీల పై అంచులూ కలవలేదు. అవతలిది ఒక పక్కకు లేచి ఉంది.

"చెయ్యి కాదు నాయినా, పలక మెలి తిరిగింది. పదకొండు తూర్లు ఆ మెలిని రెక్కలోకి ఉన్నదున్నట్టు దించినావు, అందుకే అన్నీ ఒకే పక్కకు పడినాయి. వంకర చేతికి ఆ పని ఔతాదా?"

ఆదికేశవన్ వంగి ఇంకోసారి చూశాడు.

మెలి ఎలా వచ్చిందో అమ్మ రుక్మణి మాటల్లో బయటపడింది. ఏటా ఆయుధపూజకు పలకను కడిగి, ఎండబెట్టి, పసుపు రాసి బొట్లు పెట్టేవాళ్ళు. పైముఖానికే. కింది ముఖం ఎవరికి కనబడుతుందని వదిలేసేవాళ్ళు. నలభై ఏళ్ళు ఒక పక్కే తడిసి ఒక పక్కే ఎండింది. బట్ట కొయ్యడానికి ఆ మెలి అడ్డు కాలేదు. ఆనాడు కోత ఎందుకు పక్కకు పోయిందో మరి ఎవరూ చెప్పలేరు. పిల్లవాడు కంగారు పడి ఉంటాడు.

చిత్రిక పడితే సరవుతుందన్నాడు మామ. కానీ అది దండం పెట్టుకునే పలక. అమ్మ వద్దంటే పుల్లలు ఆ కట్టలోనే ఉండిపోతాయి. ఆమె మామనే అడిగింది.

"దాన్ని గీకితే ఆయన్ని గీకినట్టు కాదా అన్నా?"

"పొయ్యేది మెలేనమ్మా. పలక నిలుస్తాది."

ఆమె పలక మీద చెయ్యి వేసి నిమిరింది. తర్వాత కొంగుతో తనే పాత బొట్లు తుడిచింది.

మూడు ఆదివారాలు పట్టింది. చిత్రిక ఆదికేశవన్ చేతే పట్టించాడు మామ. ఎత్తు మూలలు దిగాక, మిల్లులో అడిగి తెచ్చిన మందపాటి గాజుపలకకు, అమ్మ ముగ్గు అంచులకు వాడే ఎర్రమన్ను నూనెలో కలిపి పల్చగా పూశాడు. దాన్ని పలక మీద బోర్లించి జరిపితే ఎత్తున్న చోటే ఎరుపు అంటింది. అక్కడ మాత్రమే గీకారు. మళ్ళీ పూత, మళ్ళీ గీకుడు. చివరికి ఎరుపు పలకంతా సమంగా చుక్కలు చుక్కలుగా అంటింది. అప్పుడు రెండు ముఖాలకూ వార్నిషు వేశారు.

పన్నెండోదాన్ని ఎగరెయ్యడానికి మామ కూడా కాలాపేట వచ్చాడు. దారం వీడింది. విమానం కొంచెం ముక్కు దించింది, సర్దుకుంది, తిన్నగా పోయి సరుగుడు చెట్ల ముందు ఇసుకలో వాలింది. ఆదికేశవన్ దారం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఏంది నిలబడినావు? పోయి తెచ్చుకో," అన్నాడు మామ.

ఇనప పట్టీల్ని మామ తిరిగి తీసుకెళ్ళలేదు. ఆ ఏడు ఆయుధపూజకు అమ్మ అలవాటు కొద్దీ చెంబుతో నీళ్ళు తెచ్చింది. పలక దగ్గర ఆగి, చెంబు పక్కన పెట్టి, పొడిగుడ్డతో తుడిచింది. పైన ఏమీ రాయలేదు. ముందు ఆ రెండు పట్టీలకు బొట్టు పెట్టి, తర్వాత పలక అంచుకు పెట్టింది.